వాపసు గడి

ఆ కుర్చీలోంచి లేచినవాళ్లు సాధారణంగా ముందు మంచినీళ్లు అడుగుతారు. కొందరు కళ్లు తుడుచుకుంటారు, కొందరు ఇంటికి ఫోను చేస్తారు. అప్పలకొండ మాత్రం తన చెప్పులు ఎక్కడ పెట్టారని అడిగాడు.

"ఎలా ఉంది బావా?" అంది హైమావతి.

"ఏటీ నేదు."

"ఏమీ లేదంటే ఎలా? దిగులుగా అనిపించిందా? ఒళ్లు బరువుగా ఉందా?"

"దిగులైతే దిగులనే సెప్తాను కదే. ఏటీ నేదు. మత్తిచ్చి పడుకోబెడితే తెల్దు సూడు, అలగ." చెప్పులు దొరికాయి. తొడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా అన్నాడు, "మీ అక్కకి సెప్పకు."

హైమావతి తెర వైపు చూసింది. పదకొండు నిమిషాల గీత ఈ చివర నుంచి ఆ చివరి దాకా తాడు లాగి కట్టినట్టు ఉంది.  అంతకుముందు ఆ కుర్చీలో రెండు వందల ఆరుగురు కూర్చున్నారు. వాళ్లలో ఎవరి గీతా ఇలా రాలేదు.

ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఉద్యోగాలు దిగిపోయిన నాలుగు వేల మంది మణికట్లకి ఆరేళ్ల కిందట బ్యాండ్లు కట్టారు. గుండె ఎలా కొట్టుకుంటోంది, నిద్ర ఎన్ని ముక్కలైంది, చెమట ఎంత పట్టింది, అన్నీ అది దాచుకుంటుంది. దాంతోపాటు రోజూ పొద్దున్న ఆరింటికి టింగుమని మోగి, ఈ రోజు మీరెలా ఉన్నారో ఒకటి నుంచి పది లోపు నొక్కమంటుంది. కుర్చీలో ఎవరైనా కూర్చుంటే, పనిలోనూ ఒంట్లోనూ ఇంట్లోనూ ఆ మనిషికి దగ్గరగా ఉన్న నలభై మందిని కంప్యూటరు ఏరుతుంది. వాళ్లు ఉద్యోగం మానేసిన మూడో ఏట పొద్దుటి పూట ఎలా ఉన్నారో కూడి, కణతలకి అంటించిన బిళ్లల గుండా కూర్చున్న మనిషి ఒంట్లోకి పంపుతుంది. బొమ్మలూ మాటలూ ఏవీ ఉండవు. మూడేళ్ల తర్వాతి పొద్దు ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది, అంతే. దాని పేరు మలిపొద్దు కుర్చీ.

ఆర్థికశాస్త్రం చదువుకున్న మనిషికి ఈ తంటా ఎందుకంటారేమో. పెళ్లికి ముహూర్తం చూసేవాళ్లున్నారు, ఇల్లు కట్టడానికి వాస్తు చూసేవాళ్లున్నారు, ముప్పై ఏడేళ్ల ఉద్యోగం ఎప్పుడు మానాలో మాత్రం జనం గుడ్డిగా సంతకం పెట్టేస్తారని హైమావతి బాధ. ఆ బాధలోంచే ఆమె పరిశోధన పుట్టింది. అందులో ఆమెకి పేరు తెచ్చింది మూడో ఏటి గుంట. ఉద్యోగం మానేసిన మొదటి ఏడు బాగుంటుంది, రెండో ఏడు ఫరవాలేదు, మూడో ఏట మనిషి కుదురు ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఆమె గీసిన ఆ గుంటని పేపర్లవాళ్లు ఎర్ర రంగు వేసి మరీ అచ్చేశారు. దాన్ని చూసే రాష్ట్రమంతటా చాలా సంస్థలు కావాలన్నవాళ్లకి రెండేళ్ల పొడిగింపు ఇవ్వడం మొదలుపెట్టాయి.

అప్పలకొండకి పొడిగింపు అక్కర్లేదు. విశాఖ హార్బరులో ఆయన టగ్గు సరంగు. పెద్ద పెద్ద ఓడల్ని తాళ్లు కట్టి జెట్టీ దాకా లాక్కొచ్చే చిన్న పడవ టగ్గు, దాన్ని నడిపేవాడు సరంగు. ముప్పై ఏడేళ్లుగా నీళ్ల మీదే బతికిన ఆ మనిషికి ఈత రాదు. ఎవరైనా నవ్వితే, "రిటైరైన మర్నాడే నేర్చుకుంతాను, అప్పుడు నవ్వండి," అనేవాడు. కిందటి వానాకాలం తడి డెక్కు మీద రెండుసార్లు జారాడు. రెండోసారి మోకాలు వాచి వారం రోజులు మంచం దిగలేదు. ఇక చాలని హైమావతి అక్క మహలక్ష్మీ, ఇక చాలని ఆయనా అనుకున్నారు.

కాదన్నది హైమావతే. నాన్న పోయాక తనని చదివించిన మనిషి మూడో ఏటి గుంటలో పడతాడని ఆమె భయం. ఓసారి కూర్చో, నీకే తెలుస్తుంది అని బతిమాలి తీసుకొచ్చింది. వారం ముందు బ్యాండు కట్టింది కూడా తనే. సొంతవాళ్లని కూర్చోబెట్టకూడదని ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో నియమం ఉంది. ఆ నియమం రాసిందీ తనే.

*

ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోను చేసి రమ్మంది. గొంతు బాగాలేదు.

వెళ్లేసరికి అప్పలకొండ వరండాలో స్టూలు మీద నిలబడి, మోటారు ఫ్యూజు ఎలా మార్చాలో పెళ్లానికి చూపిస్తున్నాడు. మహలక్ష్మి టార్చి పట్టుకుని నిలబడింది గానీ ఫ్యూజు వైపు చూడడం లేదు, మొగుడి మొహం వైపు చూస్తోంది.

"సూసేవా మాలచ్చీ, ఈ తీగ సన్నంగా ఉండాల. లావుది పెడితే మోటారు కాలిపోద్ది."

"నాకెందుకండీ ఇయ్యన్నీ? మీరు నేరా?"

"తెలిసుంటే మంచిది కదా," అన్నాడాయన మామూలుగా.

వంటింట్లోకి వెళ్లాక మహలక్ష్మి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఏటి సేసేవే మీ బావని? గురువారం నుంచీ ఇదే వరస. గ్యాసు బుక్ చెయ్యడం నేర్పేరు. బీరువా తాళం ఎక్కడుంటాదో రెండుసార్లు సెప్పేరు. పొద్దున్న డ్యూటీకెళ్తా గుమ్మం కాడ నిలబడి నన్ను అలాగే సూస్తన్నారు. ఏటండీ అంటే ఏటీ నేదంటారు. ఆ ఏటీ నేదన్న మాటింటే నాకు బయమేస్తంది."

 అక్కకి చెప్పకన్నాడు. చెప్పడానికి మాత్రం తనకేం తెలుసు? కాఫీ తాగినట్టు నటించి హైమావతి వరండాలోకి వచ్చింది.

"బావా, పొడిగింపు కాయితం ఇచ్చేశావా?"

"ఆవేళే ఇచ్చేసేను. నీ ఆఫీసు కాడినుంచి సీదా అక్కడికే ఎల్లేను."

"నీకు వద్దు కదా అది."

అప్పలకొండ స్టూలు దిగి, ఫ్యూజు ముక్కని చొక్కా అంచుతో తుడిచాడు. "మూడో ఏట నేకుండా పోయేవోడు మొదటి రెండేళ్లూ ఇంట్లో కూకుని ఏటి సెయ్యాల? ఎదురుసూస్తా కూకోవాలా? టగ్గు మీదుంటే పనిలో తెల్దు. మీ అక్కకి నా పెన్షను కంటే జీతమే నయం, ఉన్నన్నాళ్లూ."

"అది చావని ఎవరన్నారు? మిషన్ లో ఏదో తేడా ఉండొచ్చు."

"నీ మిషన్ తప్పు సెప్పదని నువ్వే కదే సెప్పేవు. పేపర్లో బొమ్మేసేరు కూడా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అన్నాడు. హైమావతికి చెంప మీద కొట్టినట్టయింది. టగ్గుల కంపెనీలో ఇచ్చిన కాయితం వెనక్కి తీసుకోవడానికి ముప్పయ్యో తారీకు సాయంత్రం అయిదింటి దాకా గడువుంది. ఆ రోజు ఇరవై ఒకటి.

*

సోమవారం పొద్దున్నే ఆమె బావకి జోడీగా కంప్యూటరు ఏరిన నలభై మంది జాబితా తెరిచింది. అందరూ హార్బరు పనివాళ్లే. తొమ్మిది మందికి ఇంకా బ్యాండ్లున్నాయి. మిగతా ముప్పై ఒక్కరి పేర్ల ఎదురుగా ఒకటే మాట ఉంది. వాపసు. అంటే బ్యాండు తిరిగిచ్చేశారు. ఆ తర్వాతి రోజులన్నిటికీ కంప్యూటరు సున్నా వేసుకుంటూ పోయింది. ఆ తొమ్మిది మంది పొద్దులూ ఇన్ని సున్నాల్లో మునిగిపోయాయి.

బ్యాండు మాట్లాడకపోతే సున్నా వెయ్యమని కంప్యూటరుకి చెప్పిందెవరు? ఇంకెవరు, హైమావతే. మనసు బాగాలేని వాళ్లే మధ్యలో మానేస్తారని ఆరేళ్ల కిందట ఆమె నమ్మకం. మూడో ఏటికల్లా చాలామంది మానేశారు, సున్నాలు పెరిగాయి, గీత కిందికి జారింది. దాన్నే గుంట అనుకుంది. గుంట పడింది జనం బతుకుల్లో కాదేమో, తన లెక్కలోనేమో. కుర్చీలో కూర్చున్నట్టే కాసేపు ఆమెకి ఏమీ తెలియలేదు.

తేరుకుని నూకరత్నాన్ని పిలిచింది. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే పన్నెండు మందికీ నూకరత్నం పెద్ద. ఆరేళ్లలో నగరంలో ఆవిడ ఎక్కని మెట్లు లేవు.

"రత్నంగారూ, ఫారంలో మూడు గడులున్నాయి కదా. కొనసాగుతున్నారు, వాపసు, మరణం. మన నాలుగు వేల మందిలో మరణం దగ్గర పద్నాలుగు టిక్కులే ఉన్నాయి. ఆరేళ్లలో పద్నాలుగు మందే పోయారా?"

నూకరత్నం చీర చెంగు సర్దుకుంది. "ఆ పద్నాలుగూ ఇంట్లోవాళ్లు వచ్చి చెబితే ఆఫీసులో నింపినవండీ. ఇంటికెళ్లి రాసినప్పుడు ఆ గడిలో టిక్కు ఎవరం పెట్టలేదు మేడమ్."

"ఎందుకని?"

"ఎలా పెడతామండీ? ఆయన పోయి నెల తిరగదు, ఆవిడే తలుపు తీసి కూర్చోమంటుంది. కాఫీ ఇస్తుంది. బ్యాండు చీర మడతలోంచి తీసి చేతిలో పెడుతుంది. ఆవిడ ముందే ఆయన పేరు పక్కన మరణం అని కొట్టి, కింద సంతకం పెట్టమ్మా అనాలా? బ్యాండు తిరిగొచ్చింది కదా, వాపసు కొట్టేస్తాం. కొత్తవాళ్లకి కూడా నేనలాగే నేర్పాను."

"మరి బతికుండి ఇచ్చేసినవాళ్లకి?"

"అదీ వాపసే కదండీ."

కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలి? ఫారం రాసిన మనిషి ఒక్కసారైనా ఆ మెట్లెక్కి ఆ కాఫీ తాగి ఉంటే ఈ గడి ఇలా ఉండేది కాదు. నాలుగు వేల మంది ముసలివాళ్లలో ఆరేళ్లలో పద్నాలుగు మందే పోయారంటే నమ్మి ఊరుకుంది, తన డాక్టరేటు.

"ఈ ముప్పై ఒక్కరిలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది లేరు?"

"నావాళ్లయితే చెప్పగలను. వీళ్లలో నావాళ్లు ఇద్దరే. ఇప్పటి మాట కావాలంటే అందరి ఇళ్లకీ వెళ్లి అడగాలి మేడమ్. ఫోన్లో అడిగే మాట కాదు కదా."

*

మొదటి రోజు నాలుగు ఇళ్లకి వెళ్లారు. మూడు గుమ్మాల్లో ఫొటోకి దండ వేసుంది. నాలుగో ఇంటికి తాళం. ఆటోలో తిరిగొస్తూ హైమావతి జాబితాలో ఆ మూడు పేర్లే మళ్లీ మళ్లీ చదివింది. బావ చెప్పిందే నిజమైతే? గడిలో తప్పున్నా గీత నిజమే అయితే?  బ్యాగు ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

రెండో రోజు మల్కాపురంలో ఒక పాత క్రేను డ్రైవరు తలుపు తీశాడు. ఒంటి మీద బనీను, మోచేతుల దాకా తెల్లటి పిండి. కూతురితో కలిసి ఇంటి ముందే టిఫిను బండి పెట్టాడట. హైమావతి ఆయన్ని చూసి ఏడ్చినంత పని చేసింది.

"బ్యాండు ఎందుకిచ్చేశారండీ?"

"పిండి కలుపుతుంటే అడ్డమమ్మా. తడి తగిలితే పాడైపోద్దని మీవాళ్లే సెప్పేరు." ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ఇంకో సంగతుంది. సెప్తే తప్పట్టుకోకండి. రోజూ తెల్లారేసరికి అది టింగుమని ఎలాగున్నావని అడిగేది. నేను బాగానే లేచేవోణ్ణి. అది అడిగేక ఆలోచన మొదలయ్యేది. నిజంగా బాగున్నానా, నిన్న ఏడు నొక్కేను కదా, ఇయ్యాల ఆరేనా, ఎందుకు తగ్గింది? అడగ్గా అడగ్గా దిగులు పట్టుకుంది. తీసి ఇచ్చేసేను. వారం తిరక్కుండా పోయింది."

నూకరత్నం ఆ మాటలు కాగితం మీద రాసుకుంది. ఏ గడిలో రాయాలో తెలియక వెనక వైపు రాసింది.

ఆ తర్వాత లెక్క మెల్లిమెల్లిగా కదిలింది. హైమావతి రెండే అంకెలు మనసులో పెట్టుకుని తిరిగింది, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ. ఒక గుమ్మం దగ్గర ఊపిరి పీల్చుకుంటే ఇంకో గుమ్మం దగ్గర ఆగిపోయేది. ఒకాయన చేపల వలలు అల్లుతున్నాడు. ఒకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, బ్యాండు చేతి వాపుకి బిగుసుకుపోతే తీయించాడు, అయినా పలకరిస్తే నవ్వాడు. ఒక ఇంట్లో ముసలావిడ, "మీరొస్తారని ఆయన చివరి దాకా నంబరు నొక్కుతూనే ఉన్నారమ్మా," అంది. ఆ ఇంట్లో హైమావతి కాఫీ తాగలేకపోయింది, మానలేకపోయింది.

ఇరవై తొమ్మిదో తారీకు సాయంత్రానికి ముప్పై ఇళ్లు అయ్యాయి. ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం, మొదటి రోజు తాళం వేసున్న ఆ చివరి ఇంటికి మళ్లీ వెళ్లారు. అక్కడ ఎవరూ లేరు, ఎటు వెళ్లారో పక్కవాళ్లకి తెలియదు. వచ్చిన ఆటోలోనే కూర్చుని ఆమె కేంద్రం డైరెక్టరుకి ఉత్తరం పంపింది. మూడో ఏటి గుంట తన తప్పు లెక్క అనీ, కుర్చీని ఆ రోజే ఆపెయ్యాలనీ, కూర్చున్న రెండు వందల ఆరుగురికీ తనే వెళ్లి చెప్తాననీ రాసింది. పంపిన అయిదు నిమిషాలకి ఫోను మోగడం మొదలైంది. తీసి మాట్లాడే ధైర్యం లేక బ్యాగు అడుగున పడేసింది.

*

హార్బరు గేటు దగ్గరకి చేరేసరికి మూడున్నర. అప్పలకొండ టగ్గు బొగ్గు ఓడని తేవడానికి బయటికెళ్లింది, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. హైమావతి జెట్టీ మీద నిలబడింది. నాలుగయింది. నాలుగుంపావు అయింది. దూరంగా ఓడ కనబడింది గానీ కదులుతున్నట్టు లేదు. పొద్దున కాస్త జల్లు పడింది. టగ్గు డెక్కు తడిగా ఉంటుంది, మోకాలు బాగాలేదు, ఈత రాదు. ఆ మూడు ముక్కలే బుర్రలో గిర్రున తిరుగుతున్నాయి.

నాలుగూ నలభైకి టగ్గు వచ్చి ఆగింది. అప్పలకొండ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చాడు. మరదల్ని చూసి ఆయన మొహం పాలిపోయింది.

"మీ అక్కకి ఏటైనా అయిందా?"

"లేదు బావా. అక్క బాగుంది. ఆ గీత తప్పు. తప్పు నాది."

నిలబడే చెప్పింది. ఫారంలో గడులు, కాఫీలు, సున్నాలు, అన్నీ గబగబా చెప్పేసింది. ఆయన చివరి దాకా విన్నాడు. అరుస్తాడనుకుంది, అరవలేదు.

"పన్నెండు రోజులు కదే," అన్నాడు. "పన్నెండు రోజులు మీ అక్కకి తెలీకుండా రోజూ గుమ్మం కాడ దండం పెట్టుకుని ఎల్లేను, ఇదే ఆఖరేమోనని. అది నీకు తెలుసా?"

"తెలుసు."

"తెల్దు. నీకు తెల్దు. సదువుకున్నదానివి, సెప్పేవు, నమ్మేను."

ఆమె తల వంచుకుంది.  ఆయనే అడిగాడు.

"ఇంతకీ నేనుంతానా, పోతానా?"

"తెలీదు బావా. ఎవరికీ తెలీదు. నీలాంటివాళ్లు నలభై మందిలో పదకొండు మంది పోయారు. బ్యాండున్న తొమ్మిది మందితో కలిపి ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. ఒకరి సంగతి తెలియలేదు."

"నాలుగో వంతు పైనే పోయేరన్నమాట." సముద్రం వైపు చూశాడు. "నీళ్ల మీద దీనికన్నా నయం ఎప్పుడుందిలే. ఉన్నోళ్లు ఏటి సేస్తన్నారు?"

టిఫిను బండి గురించి చెప్పింది, వలల గురించి చెప్పింది. ఆకలి మీదున్నవాడిలా ఒక్కొక్కరి గురించీ అడిగాడు. పోలారావు పేరు చెప్పగానే ఆపాడు. పోలారావు పక్క టగ్గు సరంగు, నాలుగేళ్ల కిందట దిగిపోయాడు.

"ఆడు ఉన్నాడా?"

"రోజూ పొద్దున్న సముద్రంలో ఈత కొడుతున్నాడు. అందుకే బ్యాండు ఇచ్చేశాడు."

"ఆడికెక్కడ ఈతొచ్చు? నాకన్నా భయం ఆడికి."

"అరవై రెండో ఏట నేర్చుకున్నాట్ట. నిన్ను రమ్మన్నాడు."

 అప్పలకొండ గడియారం చూసుకుని ఆఫీసు వైపు నడిచాడు, మోకాలు ఎంత పట్టేస్తున్నా ఆగకుండా. ఆమె వెనక పరిగెత్తింది. గుమాస్తా అప్పటికే బీరువా తాళం వేస్తున్నాడు. కాయితం వెనక్కిచ్చి, పుస్తకంలో సంతకం తీసుకునేసరికి అయిదుకి నాలుగు నిమిషాలుంది.

బయటికొచ్చాక అప్పలకొండ మణికట్టు మీది బ్యాండు విప్పి మరదలి చేతిలో పెట్టాడు. "తడికి పనికిరాదన్నావు కదా. నీకాడే ఉంచు."

హైమావతి బ్యాగులోంచి ఆయన ఫారం తీసింది. నిలబడే, గోడకి ఆనించి, వాపసు గడిలో టిక్కు పెట్టింది. కలం ఎత్తబోయి ఆగింది. ఏమీ రాయకూడని అంచు మీద చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

"ఏటి రాస్తన్నావు?"

"మనిషి ఉన్నాడు, ఈత నేర్చుకుంటానంటున్నాడు అని."

అప్పలకొండ కలం తీసుకుని దాని కింద సంతకం పెట్టి, కలం తిరిగి ఆమెకిచ్చాడు.

"తారీకు కూడా ఎయ్యి," అన్నాడు.

హైమావతి ఆ రోజు తారీకు వేసింది.